ఎండలో పనికొస్తుందని అమ్మే గ్రీన్ లేజర్ లెవెళ్లతో జాగ్రత్త: 10,000 పోయాయి, ప్లింత్ బీమ్ 22 మిల్లీమీటర్లు వాలింది

ప్రహరీ గోడకో, బయట పునాది మట్టాలకో ఆన్‌లైన్‌లో 16 గీతల గ్రీన్ లేజర్ లెవెల్ (గోడ మీద పచ్చ వెలుతురు గీత వేసి మట్టం చూపే పరికరం) కొనబోయేవాళ్లు దయచేసి ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, వరస తప్పితే సర్దుకోండి. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ పెట్టను. మిట్టమధ్యాహ్నం ఎండలో గోడ మీద పచ్చగీత ధగధగా వెలుగుతున్న ఆ ఫొటో, కింద ‘50 మీటర్లు, అవుట్‌డోర్’ అన్న మాట, ఈ పనిలో ఉన్నవాళ్లలో సగం మంది ఫోన్లలోకి ఈపాటికి వచ్చే ఉంటుంది. వాళ్లే.

లెవెల్‌కి 6,800, డిటెక్టర్‌కి (ఎండలో కంటికి ఆనని గీతని పట్టుకుని కూసే పరికరం) 3,200. పని 90 అడుగుల ప్రహరీ, ప్లింత్ బీమ్ (ఇటుక గోడ కింద పునాది మీద పోసే కాంక్రీటు దూలం) మట్టాలు. దూరం 27 మీటర్ల పైచిలుకు. అంతే సంగతి, పెద్ద ప్రాజెక్టేమీ కాదు.

ఎండలో లేజర్ గీత కంటికి కనపడదని నాకు తెలుసు. అందుకే ఆర్డర్ పెట్టేముందు ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: “ఇందులో పల్స్ మోడ్ ఉందా? డిటెక్టర్ పట్టుకుంటుందా?” “ఉంది సార్, పేజీలో రాశాం చూడండి. మా డిటెక్టర్ ఏ లేజర్‌కైనా పనిచేస్తుంది, 50 మీటర్లు గ్యారంటీ” అన్నారు. పేజీలో చూశాను. ‘అవుట్‌డోర్ పల్స్ మోడ్’ అని ఉంది. ఆ మాట నమ్మే డిటెక్టర్ కూడా వాళ్ల దగ్గరే కొన్నాను.

సైటులో స్టాండ్ మీద పెట్టి, అవుట్‌డోర్ బటన్ నొక్కి, 27 మీటర్ల దూరంలో డిటెక్టర్‌ని పైకీ కిందకీ జరిపితే ఉలుకూ లేదు పలుకూ లేదు. 15 మీటర్లకి వచ్చాం, లేదు. 6 మీటర్లకి వచ్చాం, లేదు. సాయంత్రం గదిలోకి తెచ్చి, గీత సరిగ్గా సెన్సర్ కిటికీ మీద పడేలా పెడితే కూడా కూయలేదు. గదిలోని ఎల్‌ఈడీ బల్బు వైపు తిప్పితే మాత్రం ఒకసారి కూసింది. అంటే డిటెక్టర్ చచ్చిపోలేదు. లేజర్‌లోనే పల్స్ లేదు.

పల్స్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం. డిటెక్టర్ వెతికేది పచ్చరంగును కాదు. సెకనుకు కొన్ని వేలసార్లు ఆరి వెలిగే కాంతిని. ఎండ నిలకడగా ఉంటుంది, లేజర్ కొట్టుకుంటూ ఉంటుంది. ఆ తేడా పట్టుకునే మిట్టమధ్యాహ్నం కూడా గీత ఎక్కడుందో చెప్పగలుగుతుంది. లేజర్ నిలకడగా వెలిగితే డిటెక్టర్ దృష్టిలో అదీ ఎండలో భాగమే. నిజంగా పల్స్ ఉన్న లెవెల్‌లో ఆ బటన్ నొక్కగానే గీత కాస్త మసకబారుతుంది, ఎందుకంటే కొంతసేపు ఆరి ఉంటుంది కాబట్టి. నా దాంట్లో బటన్ నొక్కితే గీత ఇంకా ప్రకాశంగా అయింది. అక్కడే అర్థమైంది, అవుట్‌డోర్ బటన్ అని పెట్టింది ఉత్త బ్రైట్‌నెస్ బటన్ అని.

మరునాడు పొద్దున అమ్మినవాళ్లకి ఫోన్ చేశాను. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. “ఎండలో ఏ లేజర్ గీతా కనపడదండీ. ఇంత పని చేసేవాళ్లు, మీకామాత్రం తెలీదా?” అన్నాడు. నేను కొనేముందు అడిగిన ప్రశ్నే అది! కనపడదని తెలిసే కదా పల్స్ గురించి అడిగింది! ఆ సంగతి గుర్తుచేస్తే, “పల్స్ అని మేమెక్కడా రాయలేదు, పేజీ చూసుకోండి” అన్నాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని పేజీ తెరిచాను. ముందు చూసిన ‘అవుట్‌డోర్ పల్స్ మోడ్’ అన్న చోట ఇప్పుడు ‘అవుట్‌డోర్ బ్రైట్ మోడ్’ అని ఉంది. నేను సమస్య రాసి పంపింది ముందురోజు రాత్రి. తెల్లారేసరికి మాట మార్చేశారు. స్క్రీన్‌షాట్ తీసుకోలేదు నేను. అర నిమిషం పని. డిటెక్టర్ సీలు తీశారు కాబట్టి వాపసు కుదరదన్నారు. సీలు తీయకుండా డిటెక్టర్ పనిచేస్తుందో లేదో ఎవరు చూడగలరు? ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు.

డబ్బు పోతే పోయిందనుకోవచ్చు. రెండో దెబ్బ ఇంకా పెద్దది, దాంట్లో నా తప్పు కూడా ఉంది. కాంక్రీటు రోజు దగ్గరపడిందని, చీకటి పడ్డాక గీత కంటికి కనపడుతోంది కదా అని, రాత్రి ఏడున్నరకి ఆ లేజర్‌తోనే గుర్తులు పెట్టించాను. ఆ గుర్తుల మీదే సెంట్రింగ్ పలకలు, వాటి మీదే బీమ్. ఇటుక మొదటి వరస మొదలుపెట్టేముందు మేస్త్రీ నీళ్ల గొట్టంతో (రెండు చివరలా నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి) మట్టం చూస్తే అటు చివర 22 మిల్లీమీటర్లు దిగింది. మేస్త్రీల లెక్కలో ఏడు నూళ్లు. 27 మీటర్లకి 22 అంటే పది మీటర్లకి 8 మిల్లీమీటర్లు. పెట్టె మీద రాసింది పది మీటర్లకి 2.

కొత్త సాధనాన్ని పరీక్ష చేయకుండా సైటులో వాడకూడదని ఇంకొకరికి చెప్పేవాణ్ణి. నేనే చేయలేదు. పది మీటర్ల దూరంలో ఎదురెదురు గోడలున్న హాలు చాలు, పావుగంట పని. లేజర్‌ని మొదటి గోడకి ఆనినంత దగ్గరగా పెట్టి, గీత ఆ గోడ మీద ఎక్కడ పడిందో గుర్తు పెట్టాలి. ఎదుటి గోడ మీద పడినచోట ఇంకో గుర్తు. ఇప్పుడు లేజర్‌ని ఎదుటి గోడ దగ్గరికి తీసుకెళ్లి, ఎత్తు సర్దుతూ గీతని అక్కడి గుర్తుకి సరిగ్గా కలపాలి. అలాగే మొదటి గోడ వైపు తిప్పి చూడాలి, ముందు ఏ ముఖం ఎదురుగా ఉందో ఇప్పుడూ అదే ఉండాలి. గీత పాత గుర్తు మీద పడకపోతే, ఆ తేడా అసలు తప్పుకి రెట్టింపు. పది మీటర్లకి 2 మిల్లీమీటర్ల సాధనమైతే 4 దాకా సరే. నా దానికైతే 16 వచ్చేది, కంటికి కొట్టినట్టు కనపడేది. చుట్టూ తిరిగే 360 డిగ్రీల గీత ఉన్నవాటికి ఇది ఒక్కసారి చేస్తే చాలదు. సాధనాన్ని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ చేయాలి, ఎందుకంటే ముందు వెనకలు సరిగ్గా ఉండి పక్కలకి వంగి ఉండొచ్చు. గుర్తు పెట్టేటప్పుడు ప్రతిసారీ గీతకి ఒకే అంచు పట్టుకోండి. దూరం పోయేకొద్దీ గీత లావెక్కుతుంది, ఒకచోట పై అంచు, ఒకచోట కింది అంచు పట్టుకుంటే ఆ తప్పు మీదే.

ప్లింత్ సరిచేయడానికి పడిన పాట్లు కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఇటుక కింద మామూలుగా వేసే సిమెంటు మాలు 10 మిల్లీమీటర్లు. దానికి 22 కలిస్తే 32, అంత మందం ఉత్త మాలుతో నింపకూడదు, పగుళ్లిస్తుంది. దిగినవైపు బీమ్ పైభాగాన్ని సుత్తి, ఉలితో గరుకు చేసి, దుమ్ము కడిగి, ఒక పూట తడిపి, సిమెంటు పాలు పూసి, బేబీ చిప్స్ (సన్న కంకర) కలిపిన కాంక్రీటుతో ఎత్తించాం. లోతు తగ్గేవైపు మాలుతో కలిపేశాం. ఇద్దరు మనుషులకి రోజున్నర కూలి, పైగా తడిపే రోజులు.

ఇంకో మాట, ఆ ‘50 మీటర్లు’ గురించి. 360 డిగ్రీల గీతని పది మీటర్ల దూరంలో గుండ్రంగా కొలిస్తే దాని పొడవు 63 మీటర్లు. ఇరవై మీటర్లకి వెళ్తే 126. పొరపాటున చూసినా కంటికి హాని లేని రెండో తరగతి లేజర్ నుంచి కంటిపాపలోకి చేరే వెలుతురుకి హద్దు ఒక మిల్లీవాట్. కొద్దిపాటి వెలుతురుని అంత పొడవున పరిస్తే, దాని ఎదురుగా లక్ష లక్స్ ఎండ ఉంటే ఏం కనపడుతుంది? పచ్చరంగు మన కంటికి ఎరుపు కన్నా బాగా ఆనుతుంది, నిజమే. గదిలో ఆ తేడా చాలా ఉంటుంది. ఎండలో దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. ఆ ఫొటోలో గోడ మీద గీత తర్వాత గీసిందే. పచ్చ కళ్లద్దాలు కూడా అమ్ముతున్నారు, వాటితో బయట కలిసొచ్చేది కొద్దిపాటే. అవి కంటికి రక్షణ కూడా కావు. గీతలు 12 ఉన్నా 16 ఉన్నా బయటి మట్టానికి కావలసింది ఒక్క అడ్డగీత. మిగతావన్నీ టైల్స్‌కి, ఫాల్స్ సీలింగ్‌కి.

గాలి సంగతి ఎవరూ చెప్పరు. ఈ లెవెళ్లలో లోపల లోలకం వేలాడుతుంటుంది, దానితోనే మట్టం కుదురుతుంది. ఆరుబయట స్టాండ్ మీద గాలి తగిలితే లోలకం ఊగుతుంది, 20 మీటర్ల అవతల గీత పైకీ కిందకీ ఆడుతుంది. పైగా చాలావాటి మీద పనిచేసే వేడి 40 డిగ్రీలే అని రాసి ఉంటుంది. మే నెలలో మన సైటులో ఎండ ఎంతుంటుందో చెప్పాలా? 532 నానోమీటర్లు అని ఉన్న పాతరకం గ్రీన్ లేజర్లు వేడికి ఇంకా త్వరగా మసకబారతాయి. 515 నుంచి 520 మధ్య రాసి ఉంటే నేరుగా వెలిగే డయోడ్, అది కాస్త నయం.

మరి ఏం కొనాలని అడుగుతారు. పాతిక మీటర్ల లోపు ప్రహరీకి, ఇంటి పునాదికి నీళ్ల గొట్టాన్ని మించింది లేదు. తెల్లటి పారదర్శకపు గొట్టం, లోపలి వ్యాసం 10 నుంచి 12 మిల్లీమీటర్లు. కుళాయికి తగిలించి నింపకండి, బుడగలు చేరతాయి. ఎత్తున బకెట్ పెట్టి, ఒక చివర దాంట్లో ముంచి, రెండో చివర నోటితో లాగి వదలండి. పొడవంతా చేత్తో నడిపిస్తూ బుడగ ఉందేమో చూడండి. ఒక్క బుడగ చాలు మట్టం చెడగొట్టడానికి. మొదలుపెట్టేముందు రెండు చివరలూ పక్కపక్కన పట్టుకుంటే నీళ్లు ఒకే ఎత్తులో నిలవాలి. చూసేటప్పుడు రెండు చివరల నుంచీ బొటనవేళ్లు తీసేయాలి. ఒక చివర ఎండలో, ఒకటి నీడలో చాలాసేపు వదిలేస్తే వేడెక్కిన వైపు నీళ్లు కాస్త ఎత్తు చూపిస్తాయి. ఇవి పాటిస్తే 2, 3 మిల్లీమీటర్లలో పని తెములుతుంది.

దూరం ఎక్కువైతే, గుర్తులు చాలా ఉంటే ఆటో లెవెల్ (స్టాండ్ మీద మట్టంగా నిలిచే దుర్భిణి), స్టాఫ్ (దానితో చదివే కొలతల కర్ర). ఇంటి సైట్లకి 24 రెట్లు చూపేది సరిపోతుంది. బ్యాటరీ లేదు, ఎండలోనూ బాగా కనపడుతుంది. రోజు అద్దెకి కూడా ఇస్తారు. దీన్నీ పరీక్షించాలి. 40 మీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టి, సరిగ్గా మధ్యలో లెవెల్ పెట్టి రెండిటి మీదా స్టాఫ్ చదవండి. ఒకటి 1.452 మీటర్లు, రెండోది 1.317 అనుకుందాం. తేడా 0.135, ఇది నిజమైన తేడా, ఎందుకంటే రెండువైపులా దూరం సమానం కాబట్టి సాధనంలో తప్పున్నా చెల్లిపోతుంది. ఇప్పుడు లెవెల్‌ని మొదటి మేకు పక్కకి తెచ్చి చదవండి. అక్కడ 1.508 వస్తే రెండో మేకు మీద 1.373 రావాలి. 1.381 వచ్చిందంటే 8 మిల్లీమీటర్ల తప్పు, వాపసు ఇచ్చేయండి. సైటులో వేరే దారి లేనప్పుడు లెవెల్‌ని గుర్తులకి సమానదూరంలో నిలబెట్టి వాడితే ఆ తప్పు తగలదు. అద్దెకి తెచ్చిన స్టాఫ్‌కి గుండీలు అరిగి ఉంటాయి, తీసిన ప్రతి అంచె టక్కున పడిందో లేదో చూసుకోండి.

ఒక్కరే పనిచేయాలి, చదరపు గజాలు ఎక్కువ అనుకుంటే రొటరీ లేజర్. అది గీతని పరచదు, ఒక చుక్కని నిమిషానికి 300 నుంచి 600 సార్లు తిప్పుతుంది, శక్తంతా ఆ చుక్కలోనే ఉంటుంది, డిటెక్టర్ దాన్ని ఎండలో దూరం నుంచే పట్టేస్తుంది. కానీ మామూలుగా రొటరీ డిటెక్టర్ గీతల లేజర్‌కి పనికిరాదు, గీతలది రొటరీకి పనికిరాదు. ‘ఏ లేజర్‌కైనా పనిచేస్తుంది’ అని ఎవరైనా అంటే ఆ మాట దగ్గరే ఫోన్ పెట్టేయండి. నేను పెట్టేయలేదు.

ఎలాగైనా గీతల లేజరే కొంటానంటే, డిటెక్టర్ అదే పెట్టెలో రావాలి. మట్టం తప్పు ఎన్ని మీటర్లకి ఎన్ని మిల్లీమీటర్లో రాసి ఉండాలి. ఉత్త ‘1 మి.మీ.’ అని ఉంటే అది కొలత కాదు. పెట్టె మీద దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా, తయారైన దేశం ఉన్నాయో చూడండి, నా పెట్టె మీద అవేవీ లేవు. పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, వచ్చిన రోజే పరీక్ష చేయండి, వాపసు గడువు ఏడు రోజులే ఉంటుంది చాలాచోట్ల. గొడవైతే ముందు ఆ వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి, 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు తేల్చాలి, 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను నిన్ననే రాశాను. పాత పేజీ స్క్రీన్‌షాట్ మీలో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి, ‘పల్స్’ అన్న మాట కనపడేలా ఉంటే చాలు.