మా వీధి మందుల షాపు: నాలుగేళ్ళ అనుభవం

మా అమ్మగారికి ఇన్సులిన్, థైరాయిడ్ మాత్రలు నాలుగేళ్ళుగా మా వీధిలోని మెడికల్ షాపులోనే కొంటున్నాము. బి.ఫార్మసీ చదివి, మొదట మాత్రల తయారీ కంపెనీలోనూ తరువాత ఆసుపత్రి ఫార్మసీలోనూ పనిచేసినదాన్ని కనుక, ఆ కౌంటర్ వెనుక నిలబడిన ఫార్మసిస్టు పని ఎంత కష్టమో నాకు తెలుసు. కంపెనీలో బ్యాచ్ రికార్డులో, అంటే ఒక విడత మాత్రలు ఎలా తయారయ్యాయో రాసే పత్రంలో, ప్రతి గడిలోనూ సంతకం ఉంటుంది గానీ, ఆ మాత్ర మింగే మనిషి కనబడడు. ఆసుపత్రిలో వార్డు నుంచి ఇండెంటు, అంటే కావలసిన మందుల పట్టీ, వస్తుంది. అనుమానం వస్తే కేస్ షీటు చూడవచ్చు, పై అంతస్తులోని డాక్టరుగారిని అడగవచ్చు. షాపులో ఉండేది చేతిలోని చీటీ, ఎదురుగా తొందరపడే మనిషి, అంతే. అక్కడ నోరు తెరిచి అడగడమే సగం వైద్యం.

ఈ షాపాయన అడుగుతారు. పోయిన నెల కొత్త చీటీలో థైరాయిడ్ మాత్ర, కాల్షియం రెండూ ఉదయానికే రాసి ఉన్నాయి. వెనుక ఆరుగురు నిలబడి ఉన్నా ఆయన చీటీ పక్కన పెట్టి, "కాల్షియం బిళ్ళ ఎప్పుడు వేస్తున్నారండీ?" అన్నారు. రెండింటికీ కనీసం నాలుగు గంటల ఎడం లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదని చదువుకున్న నేనే ఆ చీటీని గమనించలేదు. ఆయన క్లినిక్‌కు ఫోన్ చేసి డాక్టరుగారితో మాట్లాడి, ఒక కవరు మీద "పరగడుపున", రెండోదాని మీద "రాత్రి భోజనం తరువాత" అని స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్‌లో థర్మామీటరు ఉంటుంది. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో చూసే మందు తీస్తారు, మంచు ప్యాకెట్టు నేరుగా తగలకుండా కాగితం చుట్టి మరీ ఇస్తారు.

అయితే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఆయన భోజనానికి ఇంటికి వెళతారు. ఆ వేళ కౌంటర్‌లో ఉండే కుర్రవాడు యాంటీబయాటిక్స్ కూడా చీటీ అడగకుండా ఇవ్వడం రెండుసార్లు కళ్ళారా చూశాను. చీటీ మీద అమ్మవలసిన మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలన్నది చట్టం. షెడ్యూల్ హెచ్1 మందులకైతే (కొన్ని యాంటీబయాటిక్స్ వంటి, మరింత గట్టి నిఘా ఉన్న మందుల జాబితా ఇది) రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. ఆయనతో చెబితే, ఇంకొక ఫార్మసిస్టుకు జీతమిచ్చేంత వ్యాపారం లేదన్నారు. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది, కానీ ఆ రెండు గంటలూ చీటీ మందుల అమ్మకం ఆపివేయడానికి ఖర్చేమీ లేదు. ఆ మార్పు వచ్చేవరకు ఐదుకు నాలుగు మార్కులే ఇస్తాను, చీటీ పట్టుకుని సాయంత్రం వేళల్లోనే వెళతాను.