జపనీస్ అంకెలు: ముందు 'ఇచి, ని, సన్' మేలా, 'హితోత్సు, ఫుతాత్సు' మేలా?

జపనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టినవారికి తొలి వారంలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ఒకటి, రెండు, మూడు అనడానికి ఆ భాషలో రెండు వరుసలున్నాయి: చైనా నుంచి వచ్చిన 'ఇచి, ని, సన్' ఒకటి, జపాను సొంత మాటలైన 'హితోత్సు, ఫుతాత్సు, మిత్త్సు' మరొకటి. మనకూ ఒకటి, రెండు, మూడుతో పాటు ఏక, ద్వి, త్రి ఉన్నాయి గానీ, మన సంస్కృత వరుస సమాసాలకూ తిథులకూ పరిమితం. అక్కడ మాత్రం అరువు వరుసే లెక్కల భారమంతా మోస్తుంది.

ఆ వరుసకు కట్టుబాటు ఎక్కువ. పదకొండు 'జూ ఇచి', అంటే పది ఒకటి. ఇరవై 'ని జూ', అంటే రెండు పదులు. పది మాటలు వస్తే తొంభై తొమ్మిది దాకా వచ్చినట్టే కాబట్టి, పన్నెండూ పంతొమ్మిదీ వల్లెవేసిన మనకు ఇది హాయిగా ఉంటుంది. అయితే నాలుగుకు 'యోన్', 'షి' అని రెండు పలుకులున్నాయి. 'షి' అంటే చావు అనే అర్థం కూడా ఉన్నందున 'యోన్' వైపే మొగ్గు ఎక్కువ. కానీ నాలుగు గంటలు 'యోజి' అవుతుంది. వంద 'హ్యకు' అయినా 300 'సంబ్యకు', 600 'రొప్ప్యకు', 800 'హప్ప్యకు' అని మారిపోతాయి. దుకాణంలో ధర వినేటప్పుడు తడబడేది సరిగ్గా ఇక్కడే.

'హితోత్సు' వరుస పదితో ఆగిపోతుంది. అయినా కొత్తవారిని ఒక పెద్ద గండం నుంచి దాటిస్తుంది. జపనీస్‌లో కాగితాల వంటి పలుచని వాటిని 'మయి'తో, పెన్సిళ్ల వంటి పొడవాటి వాటిని 'హోన్'తో లెక్కించాలి. ఆ 'హోన్' కూడా 'ఇప్పోన్, నిహోన్, సంబోన్' అని రూపం మారుస్తుంది. ఇవేవీ రానివారు 'కోహీ ఫుతాత్సు కుదసాయ్' అంటే రెండు కాఫీలు వచ్చేస్తాయి.

మనుషుల లెక్క తెలుగువారికి కొత్తగా అనిపించదు. మూడు పుస్తకాలు, ముగ్గురు పిల్లలు అని వేరుచేసే అలవాటు మనకు ఉండనే ఉంది. అక్కడ ఒకరు 'హితోరి', ఇద్దరు 'ఫుతారి', ముగ్గురి నుంచి 'సన్నిన్' అని మళ్లీ అరువు వరుసే.

అందుచేత నా ఓటు ముందుగా 'ఇచి' వరుసకే. రెండో వారంలో 'హితోత్సు' పది మాటలూ పట్టుకుని, 'మయి, హోన్'లను ఆ తర్వాతకు వాయిదా వేయడం మంచిది. పెద్ద సంఖ్యల దగ్గర మాత్రం ఇంకో జాగ్రత్త అవసరం: వాళ్ల మెట్టు వెయ్యి కాదు, పదివేలు, అంటే 'మన్'. లక్ష 'జూమన్', కోటి 'ఇస్సెన్‌మన్', పది కోట్లు 'ఇచిఒకు'. కామాలు మూడేసి అంకెలకు పెట్టి 250,000 యెన్‌లు అని రాసి ఉంటే, చివరి నాలుగు సున్నాలను వేలితో మూసి, మిగిలిన 25ను 'నిజూగో' అని చదివి 'మన్' చేర్చాలి.