అలుగు ఏడుందిరా? ఖాజాగూడ గుట్ట మీద ఒక ఆదివారం

మా చిన్నాయన కరీంనగర్ నుంచి ఎప్పుడొచ్చినా గోల్కొండే చూపిస్తూ వచ్చాను. ఈసారీ అదే మాట ఎత్తితే, "ఆ చప్పట్లు రెండుసార్లు విన్న. ఇంకేమన్న ఉంటే చూపియ్యి" అన్నాడు. అలా హైదరాబాద్‌లోనే ఉన్న ఖాజాగూడ గుట్టకు బయల్దేరాం. నేను, తొమ్మిదేళ్ల మా అమ్మాయి, ఇరిగేషన్‌లో చేసి రిటైరైన చిన్నాయన, ఆయన మోకాలి పట్టీ.

మా ఇల్లు ఉప్పల్ అవతల. అక్కడి నుంచి తెల్లవారేసరికి చేరలేమని ముందు రాత్రి కొండాపూర్‌లో గది తీసుకోవడం నా తెలివితక్కువ. పొద్దున ఐదింటికి వేడినీళ్లు లేవు. గదితోపాటు ఫ్రీ అన్న టిఫిన్ ఎనిమిదిన్నరకు గానీ మొదలవదట. గుట్ట ఎక్కేవాళ్లకు అది ఉన్నా లేనట్టే. మళ్లీ వెళ్తే కాస్త ఆలస్యమైనా ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతాను, అక్కడి నుంచి ఆటో. చలికాలమైతే ఎనిమిదికి ఎక్కడం మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

గుట్టకు టికెట్ లేదు. గేటు, దారి చూపే బోర్డు, బాత్రూం, నీళ్లు కూడా లేవు. బండి సందులో పెట్టి నడవడమే. ఒకవైపు నుంచి ఎక్కి, పైన బండల మీదుగా తిరిగి, ఇంకోవైపు నుంచి దిగి మొదలుపెట్టిన చోటికే వచ్చాం. ఆగుతూ ఆగుతూ రెండు గంటలు పట్టింది. ఒక్కచోట మాత్రం కూర్చుని జారాల్సి వచ్చింది. చిన్నాయన అక్కడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, నాకన్నా శుభ్రంగా దిగాడు. బూట్లు వేసుకున్న నేనే రెండుసార్లు జారాను.

ఒక గుండు మీద ఇంకో గుండు, దాని మీద మూడోది. "తాతా, వీటిని ఇట్ల ఎవరు పెట్టిన్రు?" అని అమ్మాయి. ఎవరూ పెట్టలేదు. ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల గట్టిపడ్డ గ్రానైట్, పైనున్న పొరలు కొట్టుకుపోయాక బయటపడింది. బీటల్లోకి నీళ్లు దిగి, మూలలు ముందు అరిగి, మిగిలిన ముద్దలే ఈ గుండ్లు. చిన్నాయన ఇంకా తేలిగ్గా చెప్పాడు: "సబ్బుబిళ్ల మూలలు ముందు అరుగుతయి గదా, అట్లనే."

దీన్ని ఫక్రుద్దీన్ గుట్ట అని కూడా అంటారు. 1353లో చనిపోయిన బాబా ఫక్రుద్దీన్ సమాధి ఇక్కడే ఉంది. 1347లో బహమనీ రాజ్యం స్థాపించిన అల్లావుద్దీన్ హసన్‌కు ఈయన గురువంటారు. శిష్యుడు సుల్తానై గుల్బర్గాను రాజధాని చేసుకున్నాడు, గురువు పేరు ఈ గుట్టకు మిగిలింది. ఇదే గుట్టకు అనంతపద్మనాభస్వామి గుడి కూడా ఉంది. ఇన్ని వందల ఏళ్ల చోటు చుట్టూ పగిలిన బీరు సీసాలు చూస్తే మాత్రం ఒళ్లు మండింది. పిల్లలకు చెప్పులు వద్దు, బూట్లే వేయండి.

పైకి చేరాక చెరువు కనబడింది. దాని వెనక అద్దాల మేడలు, క్రేన్లు. నేను ఫోటోలు తీస్తుంటే చిన్నాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. "కట్ట కనబడ్తున్నది గానీ, అలుగు ఏడుందిరా?" నాకేం తెలుసు! నిండిన చెరువు నీళ్లు పోవడానికి దారి ఉండాలి కదా, ఆ దారిలో ఏం కట్టారో చూడమంటాడు. ఎంత చూసినా మాకు దొరకలేదు. ఆగ్నేయం మూల మంచులో గోల్కొండ కోట మసకగా కనబడింది.

మరి గోల్కొండా, ఇదా? హైదరాబాద్ మొదటిసారి వచ్చినవాళ్లను గోల్కొండకే తీసుకెళ్లండి. మెట్లు ఎక్కువైనా దారి తప్పే పని లేదు, గైడ్లుంటారు, బాత్రూంలుంటాయి. కానీ ఆదివారం అక్కడ జనం తోపులాట. గుట్ట మీద మాకు ఎదురైంది పదిమందికి మించరు, అందులో ముగ్గురు బండలెక్కడం నేర్చుకునే కుర్రాళ్లు. వికారాబాద్ దగ్గరి అనంతగిరికి వెళ్తే అడవి, పచ్చదనం దీనికన్నా ఎక్కువే, కానీ పోనురాను ఒక రోజు పోతుంది. మోకాళ్లు మరీ నొప్పులున్నవాళ్లకు, వానపడి బండలు తడిగా ఉన్న రోజున ఎవరికైనా, ఖాజాగూడ వద్దంటాను. ఒక్కరే కూడా వెళ్లొద్దు. మనిషికి లీటరు నీళ్లు తప్పకుండా పట్టుకోండి.

దిగాక దుర్గం చెరువు వైపు పోయాం. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు తాగునీళ్లు ఇచ్చింది ఈ చెరువే. 2020లో తెరిచిన కేబుల్ బ్రిడ్జి మీద అందరూ సెల్ఫీలు దిగుతుంటే, ఇక్కడి నుంచి కోట దాకా మట్టి గొట్టాలకు వాటం ఎట్ల ఇచ్చి ఉంటారని చిన్నాయన లెక్క.

టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ చల్లారిపోతోంది. ఆయన నా ఫోన్‌లో మ్యాప్ తెరిచి వేలితో ఖాజాగూడ చెరువు కింద వెతుకుతూనే ఉన్నాడు.

"వానలు పడ్డంక మల్ల వస్త. నీళ్లు ఎటు పోతయో ఆ గుట్ట మీంచి చూస్తే తెలుస్తది."

"తడి బండలు చిన్నాయనా, జారుతయ్."

"జారింది నువ్వు గదరా" అన్నాడు, ఫోన్ నుంచి తలెత్తకుండా.