బిల్లులు ఎక్కించడానికి బాగుంది, నోటీసుకు జవాబు మాత్రం రాయించకండి: ఏడాది వాడిన ఏఐ లెక్కల యాప్

తెనాలిలో 22 ఏళ్లుగా షాపుల లెక్కలు రాస్తున్నాను. జీఎస్టీ ప్రాక్టీషనర్‌ని. ఎరువుల షాపు నుంచి బట్టల కొట్టు దాకా 38 మంది క్లయింట్లు. నేనూ, నా దగ్గర పనిచేసే ఒక అమ్మాయీ, అంతే ఆఫీసు. 2025 జూన్‌లో నెలకు 1,200 లెక్కన ఏడాది డబ్బు ముందే కట్టి ఈ యాప్ తీసుకున్నాను. కంపెనీతో తగువు నాకెందుకని పేరు రాయడం లేదు. ఇలాంటివి ఇప్పుడు చాలా వచ్చాయి, ఏది కొన్నా ఈ సంగతులు చూసుకోండి.

మంచి ముందు చెప్తాను. బిల్లు ఫోటో తీస్తే చాలు, అమ్మినవాళ్ల పేరు, జీఎస్టీ నంబరు, పన్ను అన్నీ తనే ఎక్కించేస్తుంది. మాకు ప్రతి నెలా 14న 2బీ (అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లుల జాబితా) వస్తే 20లోగా 3బీ (ఆ నెల పన్ను రిటర్న్) వేసేయాలి, ఆ ఆరు రోజులూ మా ఇంట్లో వంట ఎవరు చేశారో కూడా నాకు గుర్తుండేది కాదు. ఇప్పుడు 2బీతో బిల్లులు సరిచూడటం రెండు రోజుల్లో అయిపోతోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా వస్తువులు 5, 18 శాతాల జీఎస్టీ రేట్లలోకి మారాయి కదా, ఆ రోజు పొద్దున్నే కొత్త రేట్లు యాప్‌లో ఉన్నాయి. నేనింకా పేపరు కటింగులు ముందేసుకుని కూర్చున్నాను.

చేత్తో రాసిన తెలుగు బిల్లులు దానికి అంతుపట్టవు. ఎరువుల షాపాయన 7ని మూడుసార్లు 1గా చదివింది. చదవలేకపోతే చదవలేదని చెప్పొచ్చు కదా, అలా చెప్పదు. ధైర్యంగా ఏదో ఒకటి ఎక్కించేస్తుంది. ఈ గుణమే తర్వాత నాకు అసలు టెన్షన్ పెట్టింది.

హార్డ్‌వేర్ షాపు క్లయింట్ అక్టోబరులో షాపు పేరు మీద కారు కొన్నాడు. కారు 8 లక్షలు, దాని మీద పన్ను 1,44,000. 2బీలో కనిపించింది కాబట్టి యాప్ మొత్తం క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసేసుకుంది, పక్కన పచ్చ టిక్కు కూడా పెట్టింది. హార్డ్‌వేర్ అమ్ముకునేవాడికి ఐదు సీట్ల కారు మీద ఈ క్రెడిట్ రాదని జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ చెప్తోంది. 2బీలో ఉందంటే అమ్మినవాడు బిల్లు ఎక్కించాడని మాత్రమే, మనకు క్రెడిట్ వస్తుందని కాదు. 3బీ వేసే ముందు చూశాను కాబట్టి సరిపోయింది. చూడకపోతే రేపు వడ్డీతో కట్టేది అతను, మొహం చాటేసుకోవాల్సింది నేను.

ఆదాయపు పన్ను భాగం నాకు అస్సలు నచ్చలేదు. ఒక టీచరు గారి రిటర్న్ వేస్తుంటే పైన రీఫండ్ మీటరు. ఒక్కో మినహాయింపు నొక్కుతుంటే పెరుగుతుంది, 'ఇంకా పొందవచ్చు' అని ఊరిస్తుంది. రాజకీయ పార్టీలకు ఇచ్చిన విరాళం దగ్గర రసీదు ఉందా అని ఒక్క ముక్క అడగలేదు. టీచరు గారు స్క్రీన్ చూసి "అమ్మా, అది కూడా నొక్కండి" అన్నారు. మీరు ఏ పార్టీకి ఇచ్చారండీ అని అడిగితే నవ్వేశారు. 2025 జులైలో ఇలాంటి బోగస్ మినహాయింపులు పెట్టించిన మధ్యవర్తుల మీద ఆదాయపు పన్ను శాఖ దేశంలో 150 చోట్ల సోదాలు చేసింది. దొంగ క్లెయిములు పట్టడానికి వాళ్లూ ఏఐనే వాడారు. ఆ మీటరు తయారుచేసినవాళ్లకి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఇక నోటీసు కథ. ఒక క్లయింట్‌కి ఏఎస్‌ఎంటీ-10 (రిటర్న్‌లో తేడాలెందుకని జీఎస్టీ ఆఫీసు అడిగే నోటీసు) వచ్చింది. జవాబు రాయమంటే యాప్ నిమిషంలో రెండు పేజీల ఇంగ్లీషు రాసింది, నా జన్మలో నేను రాయలేనంత బాగా. అందులో రెండు హైకోర్టు తీర్పులు. వెతికితే ఒకటి దొరికింది కానీ విషయం వేరు, రెండోది అసలు లేనే లేదు. 2024 డిసెంబరులో బెంగళూరు ఆదాయపు పన్ను అప్పీలేట్ ట్రిబ్యునల్ ఉత్తర్వులోనే ఎక్కడా ఉనికిలో లేని తీర్పులు దొర్లి, దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అంతటివాళ్లకే తప్పనప్పుడు నేనెంత? జవాబు నేనే రాసుకున్నాను, ముప్పావు పేజీ.

సెట్టింగుల్లో లోపలెక్కడో 'సేవ మెరుగుదలకు మీ డేటా వాడుకోవచ్చు' అన్నది ముందే ఆన్ చేసి ఉంది. మూడో నెలలో చూసి ఆఫ్ చేశాను. అప్పటిదాకా వెళ్లినవి ఏమయ్యాయని సపోర్టుకు రాస్తే 'మీ గోప్యత మాకు ముఖ్యం' అని జవాబు. సరే, ఇకపై నా తప్పు ఉండకూడదని తెలుగులో ఒక పేజీ ఒప్పంద పత్రం రాసి, బిల్లులు ఫలానా యాప్‌లో ఎక్కిస్తున్నామని అందరినీ సంతకం అడిగాను. 37 మంది చదవకుండానే పెట్టారు, అదీ నాకు నచ్చలేదు. బట్టల కొట్టు పెద్దాయన ఒక్కరే కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "నా లెక్కలు నీకు చూపిస్తున్నానమ్మా, నీ ఫోనుకి కాదు" అని కాగితం తిరిగిచ్చేశారు.

రెన్యూ చేశాను, రీఫండ్ మీటరున్న ప్లాన్ తీసేసి, బిల్లులకూ 2బీకీ మాత్రమే. ఐదుకి మూడు స్టార్లు. పని తగ్గింది కాబట్టి చిన్న షాపులకు ఫీజు నెలకు వంద తగ్గించాను. పెద్దాయనకి మాత్రం పాత ఫీజే. ఆయన బిల్లులు మా ఆఫీసు అమ్మాయి చేత్తోనే ఎక్కిస్తోంది, దానికీ పని చేతికొస్తోంది.