కుక్కపిల్లని ఇవ్వనన్న బ్రీడర్‌కి ఐదు స్టార్లు

చెక్ రిపబ్లిక్‌లో, బ్ర్నో నగరానికి గంట దూరంలో ఉన్న పల్లెలో చెకోస్లొవాకియన్ వుల్ఫ్‌డాగ్‌లని (తోడేలుతో కలిపి తీసిన కుక్కజాతి) పెంచే ఒకావిడ ఇంటికి పోయిన నెల వెళ్లాం. పిల్లని తెచ్చుకుందామనే వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాం. అయినా ఐదు స్టార్లు ఇస్తున్నాను. రీల్స్ చూసి ఈ జాతి మీద మనసు పడుతున్న మనవాళ్లు ఇక్కడా, ఇండియాలోనూ కనిపిస్తున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

మేం అడగాల్సినవి రాసుకుని వెళ్తే ప్రశ్నలన్నీ ఆవిడే వేసింది. ఇల్లు సొంతమా అద్దెదా, కంచె ఎంత ఎత్తు, రోజుకి ఎన్ని గంటలు ఇంట్లో ఎవరూ ఉండరు, ఇంతకుముందు ఏ కుక్కని పెంచారు, ఇంట్లో పిల్లి ఉందా, ఇండియా వెళ్లినప్పుడు దీన్ని ఎవరి దగ్గర వదిలిపెడతారు. ఆ చివరి ప్రశ్నకి నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకున్నాం, ఎందుకంటే ఏటా నాలుగు వారాలు ఊరెళ్తాం, ఏదో ఒక డాగ్ హాస్టల్లో పెట్టొచ్చులే అనుకున్నాం. తన కుక్కలు మనిషికి ఎంత అలవాటు పడతాయంటే కొత్తచోట వదిలితే తిండి ముట్టవని, బయటపడడానికి తలుపులు కొరికేస్తాయని చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, వెనక గదికి తీసుకెళ్లి చూపించింది. తలుపు కింది చెక్క పేళ్లుపేళ్లుగా లేచిపోయింది, గోడ పెచ్చులూడింది. ఆవిడ ఆస్పత్రికి వెళ్లొచ్చిన మూడు గంటల్లో రెండేళ్ల ఆడకుక్క చేసిన పని అది! పెరట్లో కంచె రెండు మీటర్లు, కింద తవ్వుకుని పోకుండా ఇనప వల నేలలోకి కూడా దించారు.

తోడేలు సంగతి కూడా సూటిగా చెప్పింది. సరిహద్దు కాపలాకి పనికొస్తుందేమోనని చేసిన ప్రయోగంలో, 1958లో బ్రిటా అనే తోడేలుకీ సెజర్ అనే జర్మన్ షెపర్డ్‌కీ తొలి పిల్లలు పుట్టాయి, 1999లో ఎఫ్‌సీఐ (కుక్కజాతుల్ని గుర్తించే అంతర్జాతీయ సమాఖ్య) పూర్తి గుర్తింపు ఇచ్చింది. ఇప్పటి కుక్కలు ఆ తోడేలుకి చాలా తరాల దూరం, చట్టం లెక్కలో కుక్కలే. ఎవరైనా “నాలుగు తరాల్లోపే తోడేలు ఉంది” అని గొప్పగా చెప్పి అమ్మితే మాత్రం జాగ్రత్త, యూరప్‌లో అలాంటివి అడవి జంతువుల వ్యాపార నిబంధనల కిందికి వస్తాయి, కాగితాలు లేకుండా కొంటే ఇరుక్కుంటారు.

కుక్కపిల్లల తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు, వెన్నుపాము జబ్బుకీ మరుగుజ్జుతనానికీ చేయించిన డీఎన్ఏ పరీక్షల కాగితాలు మేం అడగకముందే బల్ల మీద పెట్టింది. ఇవి చూపించని చోట అసలు బేరమే మొదలుపెట్టొద్దు.

“మీకు ఇప్పుడు ఇవ్వను, ముందు శనివారాలు నాతో నడవండి” అంది. మూడు శనివారాలు వెళ్లాం. అది సరదా వాకింగ్ కాదు, అడవి దారిలో నాలుగు గంటలు, ఆవిడ కుక్క పట్టీని నడుముకి కట్టుకుని. రెండోవారం ఒక జింక అడ్డం వచ్చేసరికి ఆ కుక్క లాగిన లాగుడికి మా ఆయన మోకాళ్ల మీద పడ్డాడు. నన్నైతే అది మొదటివారం కన్నెత్తి చూడలేదు, మూడోవారం తనే వచ్చి చెయ్యి వాసన చూసింది, ఆ రోజంతా నాకు అదే సంతోషం.

హైదరాబాద్ నుంచి తమ్ముడు “అక్కా, నాకొకటి పంపించవా” అంటున్నాడు. వద్దురా అన్నాను. చలికాలంలో దాని బొచ్చులో వేలు పెడితే చర్మం తగలదు, దాన్ని మే నెల ఎండలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో, పొద్దున్నుంచి రాత్రిదాకా ఎవరూ లేని ఇంట్లో ఉంచితే ఎంత నరకమో తలుచుకుంటేనే బాధేస్తుంది.

మేం అద్దె ఫ్లాట్ మారి పెరడున్న ఇంట్లోకి వెళ్లాక, వచ్చే ఏడాది మళ్లీ అడుగుతాం, ఈలోగా శనివారాలు మాననుగాక మానను. వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఫోన్ చేయండి, చేయకపోతే గేటు తీయరు. బస్సు దిగాక రెండు కిలోమీటర్ల మట్టి రోడ్డు, బూట్లు వేసుకుని వెళ్లండి.