గంజాం తీరంలో సముద్ర వాతావరణ సూచనలు: ఏళ్ల తరబడి వాడాక

మాది ఒడిశాలోని గంజాం జిల్లా, గోపాల్‌పూర్ పక్కన తెలుగు మత్స్యకారుల ఊరు. 2013లో ఫైలిన్ తుపాను మా మీదుగా తీరం దాటినప్పటి నుంచి సముద్ర వాతావరణ సూచనలు చూడకుండా మా ఇంట్లో ఎవరూ వేటకు వెళ్లడం లేదు. మాకు జెట్టీ లేదు. ఫైబర్ పడవ ఇసుక మీద నుంచే దిగాలి, తిరిగి ఇసుక మీదికే ఎక్కాలి. హార్బర్ నుంచి వెళ్లే పెద్ద బోట్ల లెక్క వేరు. నేను రాసేది మాలాంటి వాళ్ల కోసం.

ఎక్కువగా వాడేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇచ్చే సముద్ర స్థితి సూచన. పూర్తిగా ఉచితం. గాలి వేగం, దిశ, అలల ఎత్తు, స్వెల్ (దూరపు గాలులకు పుట్టి మన దాకా వచ్చే పొడవాటి కెరటం) ఎత్తు, దాని పీరియడ్, నీటి ప్రవాహం అన్నీ ఉంటాయి. రెండు రోజుల ముందు వరకు దీన్ని నమ్మి ఐస్, డీజిల్ సిద్ధం చేసుకోవచ్చు. ఐదో రోజు అంకెను చూసి మాత్రం డబ్బు ఖర్చు పెట్టకండి, అది మారుతుంది.

అలల ఎత్తు అంకెను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. 1.5 మీటర్లు అని ఉంటే అంతకు మించి రాదని కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలలకు సగటు అది. అప్పుడప్పుడు దానికి రెట్టింపు ఎత్తున, అంటే 3 మీటర్ల కెరటం కూడా లేస్తుంది. పడవను బోల్తా కొట్టించేది సగటు అల కాదు కదా.

ఇక అసలు సంగతి పీరియడ్. ఒక కెరటానికి, తర్వాతి కెరటానికి మధ్య ఎన్ని సెకన్లు అన్న లెక్క. మా వాళ్లు ఇప్పటికీ గాలి ఒక్కటే చూస్తారు. "గాలే లేదు కదరా, ఇంకేం భయం?" అంటాడు మా చిన్నాన్న. "గాలి ఇక్కడ లేదు చిన్నాన్నా, ఈ కెరటం పుట్టిన చోట ఉంది" అంటాను. స్థానిక గాలికి లేచే అల 5, 6 సెకన్లకొకటి వస్తుంది. హిందూ మహాసముద్రం దక్షిణ కొసన తుపానులకు పుట్టే స్వెల్ 15, 16 సెకన్ల పీరియడ్‌తో వస్తుంది. ఆ శక్తి రోజుకు సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణించి, వారం లోపే మన తీరం చేరుతుంది. లోతు నీళ్లలో పడవ కింద అది ఉన్నట్టే తెలియదు. ఒడ్డు దగ్గర లోతు తగ్గాక ఒక్కసారిగా నిలువునా లేచి విరుగుతుంది.

అలాంటి రోజున మా ఒడ్డున నిలబడి చూడండి. నీళ్లు నూనె పోసినట్టు నున్నగా ఉంటాయి. నాలుగైదు చిన్న కెరటాలు మెల్లగా వచ్చి పోతాయి. పడవ ముందు భాగాన్ని పట్టుకున్న మనిషి "ఆగండి, ఆగండి" అంటూనే ఉంటాడు. అంతలో వరసగా మూడు పెద్దవి లేచి, ఇసుక కట్ట దాకా నురుగు తెస్తాయి. మూడోది విరిగిన వెంటనే తోసి ఇంజన్ స్టార్ట్ చేయాలి. ఆలస్యమైతే పడవ అడ్డం తిరుగుతుంది. నా మట్టుకు పీరియడ్ 14 దాటి, స్వెల్ మీటరు పైన ఉంటే పడవ దించను. ఇది నా లెక్క, మీ ఒడ్డు వాలును బట్టి మారవచ్చు.

రేవులో ఎగరేసే ఒకటో నంబరు హెచ్చరికను కూడా తేలిగ్గా తీసుకోకూడదని అంటాను. వాయుగుండం ఎక్కడో దూరాన ఉందని దాని అర్థం. కానీ దాని పొడవాటి అలలు గాలి కంటే ముందే ఒడ్డుకు చేరతాయి.

పిడుగుల వానకు మాత్రం ఈ సూచనలు పెద్దగా పనికిరావు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక నేల మీద నుంచి వచ్చే కాలబైశాఖి ఫలానా ఊరి మీదికి ఫలానా గంటకు వస్తుందని ముందు రోజు ఎవరూ చెప్పలేరు. దానికి గోపాల్‌పూర్ డాప్లర్ రాడార్ చిత్రం చూడాలి. లోపలికి వెళ్లాక ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి బయల్దేరే ముందే చూసుకోవాలి.

రంగురంగుల విదేశీ యాప్ ఒకటి కూడా వాడాను. గాలి కదలిక చూడ్డానికి బాగుంటుంది. ఒడ్డు దగ్గరి అలల ఎత్తు మాత్రం మాకు చాలాసార్లు తక్కువ చూపించింది. తీసేశాను.

భాష ఇబ్బంది ఇంకా ఉంది. గంజాం హెచ్చరికలు ఒడియాలో వస్తాయి, మా పెద్దవాళ్లు ఆ లిపి చదవలేరు. అందుకే ఇచ్ఛాపురం చుట్టాలు పంపే ఉత్తర కోస్తా తెలుగు బులెటిన్ కూడా వింటాం. రాష్ట్రం వేరైనా సముద్రం అదే కనుక చాలావరకు సరిపోతుంది. అయినా గంజాం తీరానికి తెలుగులో ఒక వాయిస్ మెసేజ్ రావాలి, అందులో గాలితో పాటు పీరియడ్ కూడా చెప్పాలి.