మొదటి పాట నుంచి చివరి పాట దాకా: 2024లో వచ్చిన ఐదు ఆల్బమ్‌లు

మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగేలోపు ఒక ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట వరకు వరుస తప్పకుండా వినడం నాకు కొంతకాలంగా అలవాటు. దాన్ని నాకు అంటించింది అమెరికన్ గాయని బిల్లీ ఐలిష్ మూడవ ఆల్బమ్ ‘హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్’. 2024 మే 17న వచ్చిన ఈ ఆల్బమ్‌లో ఉన్నవి పదే పాటలు. అన్నీ కలిపి 44 నిమిషాలకు కాస్త తక్కువ. ఈ రోజుల్లో పేరున్న గాయకులు ఆల్బమ్‌కు ముందే మూడు నాలుగు పాటలను విడివిడిగా వదులుతుండగా, ఆమె ఒక్క పాటను కూడా ముందుగా బయటపెట్టకుండా మొత్తాన్ని ఒకేసారి శ్రోతల ముందు పెట్టారు. ఒక పాటను గురించి మాట్లాడేటప్పుడు బాణీ బాగుందా, గొంతు బాగుందా అని అడిగితే సరిపోతుంది. ఆల్బమ్‌ను గురించి మాట్లాడేటప్పుడు మాత్రం, అది నా దగ్గర తీసుకున్న సమయాన్ని ఏమి చేసిందన్నదే మొదటి ప్రశ్న కావాలని నా అభిప్రాయం. అదే సంవత్సరం వచ్చిన ఐదు ఆల్బమ్‌లను ఇక్కడ ఆ ప్రశ్నతోనే చూస్తున్నాను.

పాటల వరుసకు విలువ ఉంటుందన్న సంగతి మనకు కొత్తది కాదు. మన కర్ణాటక సంగీత కచేరీ వర్ణంతో మొదలవుతుంది, ప్రధాన కీర్తన దగ్గర నిలబడుతుంది, లయ వాద్యాలు ఒంటరిగా మోగే తని ఆవర్తనం తరువాత తేలికపాటి తుక్కడాలలోకి దిగి మంగళంతో ముగుస్తుంది. వర్ణాన్ని తీసుకువెళ్ళి మంగళం ముందు పెడితే ఏ కీర్తనా చెడదు గాని కచేరీ చెడుతుంది. సినిమా పాటల క్యాసెట్లతో పెరిగిన నావంటి వారికి ఈ సంగతి మరుగున పడటానికి కారణం ఉంది. ఆ పాటలను ఒకదానితో ఒకటి కలిపేది తెర మీది కథే గాని క్యాసెట్ కాదు. అందుకే ఎ వైపు మూడవ పాటను ముందు విన్నా, బి వైపు మొదటి పాటను ముందు విన్నా మనం పోగొట్టుకున్నది పెద్దగా లేదు. బిల్లీ ఐలిష్ ఆల్బమ్‌ను షఫుల్ నొక్కి వింటే మాత్రం నిజంగానే నష్టపోతాము.

మొదటి పాట ‘స్కిన్నీ’ ఒక్క గిటారుతో, దాదాపు గుసగుసకు దగ్గరగా ఉండే గొంతుతో మొదలై, చివరలో అట్టాకా క్వార్టెట్ వారి తీగ వాద్యాలలోకి కరిగిపోతుంది. ఆ తడి ఆరకముందే ‘లంచ్’ అనే వేగమైన పాట బేస్ గిటారుతో దూసుకువస్తుంది. మూడవది ‘చిహిరో’. జపాన్ యానిమేషన్ చిత్రం ‘స్పిరిటెడ్ అవే’లోని బాలిక పేరు అది. అయిదు నిమిషాలు సాగే ఈ పాటలో బేస్ ఒకే నడకను పట్టుకుని ఉంటే, దాని వెనుక సింథసైజర్ ధ్వని సముద్రపు పోటులా మెల్లమెల్లగా పెరుగుతూ వస్తుంది; గొంతు మాత్రం పెరగదు. ఈ నిగ్రహం వల్లనే పాట ముగిసేసరికి వినేవారికి ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. సరిగ్గా అక్కడ ‘బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్’ వస్తుంది. ఆల్బమ్‌లో అందరికీ తెలిసిన పాట ఇదే. ఇది ఒక్కటి చాలునని, మిగతావి నిద్ర తెప్పిస్తాయని మా చెల్లెలు గట్టిగా అంటుంది. ఆ పాటను ఆమె ఎప్పుడూ విడిగానే విన్నది. ‘చిహిరో’ బిగువు తరువాత విన్నప్పుడు ఆ తేలికదనం తలుపు తీసినట్టు అనిపిస్తుందని, ఆ హాయిలో సగం ముందు పాట సంపాదించి పెట్టినదేనని నేను ఆమెకు చెప్పాను. ఒకసారి వరుసగా విని చూస్తానన్నది.

నా మటుకు ఈ ఆల్బమ్‌కు ప్రధాన కీర్తన వంటిది ఆరవ పాట ‘ద గ్రేటెస్ట్’. గుసగుసగా పాడే గాయని అన్న ముద్ర 2019 నాటి తొలి ఆల్బమ్ నుంచీ ఆమె మీద ఉంది. ఈ పాట సగానికి పైగా ఆ ముద్రకు లోబడే నడుస్తుంది: మీటుతున్న గిటారు, లోగొంతు, తన ఓర్పును ఎవరూ గుర్తించలేదన్న మొర. ఆ తరువాత ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్ లేచి, ఆమె గొంతు విప్పుతారు. పెద్దగా పాడటం గొప్ప కాదు, అంతసేపు ఆపుకున్న తరువాత పాడటం గొప్ప. నిర్మాత అయిన ఆమె అన్నయ్య ఫినియస్ చాలా పాటలను ఇలా మధ్యలో మలుపు తిప్పారు. ‘లామూర్ ద మా వీ’ పాతకాలపు ప్రేమ పాటలా ఊగుతూ వచ్చి, ఉన్నట్టుండి పరుగెత్తే ఎలక్ట్రానిక్ నృత్య గీతమవుతుంది. మొదటిసారి విన్నప్పుడు పాట మారిపోయిందేమోనని నేను ఫోన్ తెర వంక చూశాను. వేదిక దిగిన గాయనిని పంజరంలోని పక్షితో పోల్చిన మాట ‘స్కిన్నీ’లో ఉంది, ఆ పంజరం, ఆ పక్షి చివరి పాట ‘బ్లూ’లో మళ్ళీ కనిపిస్తాయి. 40 నిమిషాల కిందట విన్న మాట తిరిగి చెవిన పడినప్పుడు కలిగే గుర్తింపు వరుసగా విన్నవారికి మాత్రమే దక్కుతుంది.

లోపం లేదని అనను. ఒక వ్యక్తిని వెంటాడే ఉన్మాది మాటల్లో సాగే ‘ద డైనర్’ నాకు ఆనలేదు. సర్కస్ బ్యాండును తలపించే సంగీతం, వేషం కట్టిన గొంతు ఉన్నాయి గాని, వినేవారికి కలగవలసిన భయం కలగదు. మరొక విషయం, ఈ ఆల్బమ్‌ను చిన్న బ్లూటూత్ స్పీకరులో వినవద్దు. ‘చిహిరో’లోని బేస్ అందులో దాదాపు వినిపించదు, ‘ద గ్రేటెస్ట్’ మొదటి భాగం వంటింటి మిక్సీ చప్పుడుకు కూడా ఆగదు. సాధారణమైన ఇయర్‌ఫోన్లు చాలు, కాని చెవికి దగ్గరగా వినాలి.

రెండవది ‘టైగర్స్ బ్లడ్’. వాక్సహాచీ అన్న పేరుతో పాడే కేటీ క్రచ్‌ఫీల్డ్ అమెరికాలోని అలబామా రాష్ట్రానికి చెందినవారు. ఆ పేరు అక్కడి ఒక వాగుది. 2024 మార్చి 22న విడుదలైన ఈ పన్నెండు పాటల ఆల్బమ్‌ను బ్రాడ్ కుక్ నిర్మాణంలో, టెక్సస్‌లో మెక్సికో సరిహద్దుకు దగ్గరగా ఉన్న సోనిక్ రాంచ్ అనే స్టూడియోలో రికార్డు చేశారు. వాయించినవారు కొద్దిమందే. స్పెన్సర్ ట్వీడీ డ్రమ్స్ వాయించగా, ఎం.జె. లెండర్మన్ గిటారు వాయిస్తూ, కొన్ని పాటల్లో ఆమె వెనుక గొంతు కలిపారు. బిల్లీ ఐలిష్ ఆల్బమ్‌లో ప్రతి పాటా ఇంకొక గదిలోకి తలుపు తీస్తే, ఇక్కడ అందరూ ఒకే వరండాలో కూర్చుని వాయిస్తున్నట్టు ఉంటుంది.

పాటలన్నీ ఒకే తీరుగా ఉన్నాయన్న మాటను ఈ ఆల్బమ్ గురించి నేను ఒకరి కంటె ఎక్కువ మంది నోట విన్నాను. మొదటి రెండు సార్లు విన్నప్పుడు నాకూ అలాగే తోచింది. మధ్యలోని నాలుగైదు పాటలు ఒకే నడకలో, ఒకే ఎత్తులో సాగుతాయన్నది కాదనలేను. నా అభిప్రాయం మారింది పాటల సాహిత్యాన్ని ఒకసారి కళ్ళతో చదివిన తరువాతనే. ఆమె ఒక చరణంలోకి పట్టని మాటలను కూడా ఇరికించి, అమెరికా దక్షిణాది రాష్ట్రాల యాసలో సాగదీసి పాడతారు; ఇంగ్లీషు పుట్టుకతో రాని చెవికి సగం మాటలు జారిపోతాయి. అందువల్ల తెలుగు శ్రోతలు ఈ ఒక్క ఆల్బమ్‌కు మాత్రం సాహిత్యం పక్కన పెట్టుకుని వినాలని నా సూచన. అప్పుడు ఒకే తీరుగా అనిపించిన బాణీలు ఒకే మనిషి మాట తీరుగా అనిపించడం మొదలవుతుంది.

‘రైట్ బ్యాక్ టు ఇట్’ ఒక్కటే చాలు ఉదాహరణకు. బాంజో మీటు మీద, లెండర్మన్ గొంతు ఆమె గొంతుకు అరడుగు వెనకగా నడుస్తుండగా సాగే ఈ పాట, చాలాకాలంగా కలిసి బతుకుతున్న ఇద్దరి ప్రేమను గురించినది. వారిలో ఒకరు అప్పుడప్పుడూ దూరం జరుగుతారు, తమలో తామే గొణుక్కుంటారు, మళ్ళీ అక్కడికే వస్తారు. కలయిక గురించి, విరహం గురించి మనకు ఎన్ని పాటలైనా ఉన్నాయి. కలిసి ఉన్న ఇద్దరి మధ్య మామూలు రోజుల గురించి పాట రాయడం ఏ భాషలోనైనా కష్టమే. ‘365’ ఇంకా కఠినమైనది. వ్యసనంలో ఉన్నవారిని మోయడం గురించిన ఈ పాటలో వాద్యాలు దాదాపు పక్కకు తప్పుకుంటాయి. ఆమె 2018లో మద్యం మానివేశారన్న సంగతి తెలిసినవారికి ఈ పాట మరింత బరువుగా తాకుతుంది. తెలియకపోయినా గొంతు చెబుతుంది.

ఇక ఆల్బమ్ పేరు. టైగర్స్ బ్లడ్ అన్నది, మన ఐస్ గోలా వంటి తురిమిన ఐసు మీద అక్కడ పోసే ఎర్రని పానకం. చివరి పాటలో ఆ ఎరుపు ఒకరి పళ్ళకూ నాలుకకూ అంటుకుని ఉంటుంది. ముగింపులో బృందమంతా కలిసి పల్లవి అందుకుంటుంది. పన్నెండు పాటల పాటు ఒక గొంతే మోసిన బరువును పదిమంది పంచుకున్నట్టు తోచి, ఆ చోట నా కళ్ళు ఒకటి రెండు సార్లు చెమర్చాయి.

ఇంగ్లండుకు చెందిన రాక్ బృందం ది క్యూర్ పదహారేళ్ళ తరువాత 2024 నవంబరు 1న తెచ్చిన ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది తన మాట తానే చాలా స్పష్టంగా చెప్పుకుంటుంది. ఎనిమిది పాటలు, 49 నిమిషాలు. మొదటి పాట ‘అలోన్’లో బృందం గాయకుడు రాబర్ట్ స్మిత్ గొంతు వినిపించడానికి మూడు నిమిషాలు దాటుతుంది, పది నిమిషాల చివరి పాట ‘ఎండ్‌సాంగ్’లో సగం దాటిన తరువాత గాని వినిపించదు. రాగాలాపన విన్న చెవికి ఈ నిరీక్షణ ఇబ్బంది కాదు. చనిపోయిన తన అన్నయ్య రిచర్డ్ కోసం ఆయన రాసిన ‘ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై’లో పియానో మీద చిన్న స్వరాల వరుస ఒకటి పదే పదే తిరుగుతుంది. దుఃఖంలో ఉన్నవారు ఒకే మాటను మళ్ళీ మళ్ళీ చెప్పినట్టు ఉంటుంది. ‘డ్రోన్ నోడ్రోన్’ మాత్రం ఈ శోకం మధ్య కటువుగా నిలబడింది.

టేలర్ స్విఫ్ట్ ‘ద టార్చర్డ్ పోయెట్స్ డిపార్ట్‌మెంట్’ దగ్గరికి వచ్చేసరికి నా ప్రశ్న కష్టమవుతుంది. 2024 ఏప్రిల్ 19న మొదట పదహారు పాటలు, రెండు గంటల తరువాత మరో పదిహేను వచ్చాయి. మొత్తం 31 పాటలు, రెండు గంటలకు పైన. మంచి పాటలు లేవనడం అన్యాయం. ఒకదాని మీద ఒకటి పేర్చిన గొంతులతో గంటల మోతలా మొదలయ్యే ‘సో లాంగ్, లండన్’ ఆమె రాసిన విడిపోయే పాటల్లో అత్యుత్తమమైన వాటిలో ఒకటి. ఎక్కువగా నిర్మాత ఆరాన్ డెస్నర్‌తో కలిసి చేసిన రెండవ భాగంలోని ‘ద బ్లాక్ డాగ్’, ‘ద మ్యాన్యుస్క్రిప్ట్’ కూడా నిలిచే పాటలే. అయితే ఒకే గాయాన్ని ఒకే ఎత్తు గొంతుతో, ఒకే రకం సింథసైజర్ పరదా మీద ఇరవైసార్లు విన్న తరువాత, ఇరవై ఒకటవసారి చెప్పిన మాట ఎంత పదునైనదైనా తాకదు. ప్రతి పాటనూ విడిగా ప్రేమించే అభిమానులు ఉన్నారు. వారికి 31 పాటలు 31 ఉత్తరాలు. వారి ప్రేమను నేను గౌరవిస్తాను. కాని ఏరివేసే పనిని శ్రోతకు వదిలిన ఆల్బమ్‌ను పూర్తయిన ఆల్బమ్ అనలేను. నేను అందులోంచి పన్నెండు పాటలు ఏరి, ‘సో లాంగ్, లండన్’ను ముందు, ‘ద మ్యాన్యుస్క్రిప్ట్’ను చివర పెట్టుకుని వింటున్నాను. ఆ పన్నెండింటిని ఎంతో ఇష్టంగా వింటున్నాను.

నిడివే దోషమని దీనివల్ల అనుకోకూడదు. అదే సంవత్సరం మార్చి చివర వచ్చిన సిండీ లీ ‘డైమండ్ జూబిలీ’ కూడా రెండు గంటల పైచిలుకే, పాటలు 32. కెనడాకు చెందిన విమెన్ అనే రాక్ బృందంలో ఒకప్పుడు గిటారు వాయించి పాడిన పాట్రిక్ ఫ్లేగెల్, సిండీ లీ అనే స్త్రీ వేషంలో చేసే సంగీతమిది. స్ట్రీమింగ్ యాప్‌లకు ఇవ్వకుండా, పాతకాలపు తీరులో ఉన్న ఒక వెబ్‌సైట్ ద్వారాను, యూట్యూబులో ఒకే పొడవైన వీడియోగాను విడుదల చేశారు. 1960ల నాటి అమెరికన్ ప్రేమ పాటలు రాత్రిపూట దూరపు రేడియో స్టేషన్ నుంచి, గరగర మధ్య వస్తున్నట్టు ఉంటుంది. పాటలు చిన్నవి, ఒక్కొక్కటి ఒక్కొక్క వెలుతురులో ఉంటుంది, గిటారు ఒకచోట తేనెలా సాగితే మరొకచోట తుప్పు గీరినట్టు వినిపిస్తుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టి, టీ పెట్టుకోవడానికి లేచింది తప్ప, రెండు గంటలూ కదలలేదు.

ఒకే వీడియో కావడం వల్ల అందులో తరువాతి పాటకు దూకే బొత్తాం లేదు. ‘బేబీ బ్లూ’ మళ్ళీ వినాలనిపిస్తే వేలితో గీతను అటూ ఇటూ జరిపి వెతుక్కోవాలి. మొన్న అలా వెతుకుతూ, మొదటిసారి విన్నప్పుడు గమనించని ఒక పాట మధ్యలో దిగాను. ‘బేబీ బ్లూ’ సంగతి పక్కన పెట్టి, అక్కడి నుంచి చివరి దాకా విన్నాను.